క్యాజువాలిటీ నుంచి ఏఆర్‌టీ గది దాకా

ఏటూరునాగారం దగ్గర బైక్ మీంచి పడి కాలు విరిగిన కుర్రాడిని అర్ధరాత్రి 108లో వరంగల్ ఎంజీఎంకు తెచ్చారనుకుందాం. ఎక్స్‌రే, కట్టు, ఇంజెక్షన్. ఎలాగూ రక్తం తీస్తారు. అతన్ని అడిగి, హెచ్‌ఐవీ పరీక్ష కూడా అప్పుడే చేస్తే?

గర్భిణులకు మన దగ్గర ఆ పరీక్ష మామూలుగా జరిగిపోతుంది. మగవాళ్లే ఆస్పత్రి గడప తొక్కరు. తొక్కారంటే యాక్సిడెంటో, పురుగుల మందో, పాము కాటో అయి ఉంటుంది. వైరస్ చేరినా చాలామందికి ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ తెలియదు మరి. అందుకే అమెరికాలో ప్రజారోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2006లోనే 13 నుంచి 64 ఏళ్ల వారికి, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు సహా, వద్దన్నవారికి తప్ప ఈ పరీక్ష చేయాలని సూచించింది.

మన 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మాత్రం విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలి. నాకైతే ఇదే సబబు. కానీ స్ట్రెచర్ చుట్టూ మేనమామ, బావమరిది, ఊరి సర్పంచ్ నిలబడి ఉండగా ఆ మాట అడిగేదెలా? ముందు వాళ్లను బయటికి పంపాలి. నొప్పి కాస్త తగ్గనివ్వాలి. వైద్యం మాత్రం ఏ ఫలితం కోసమూ ఆగకూడదు.

పరీక్ష చిన్న పనే. చుక్క రక్తం, అరగంట. మొదటి కిట్‌లో రియాక్టివ్, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని, వస్తే అక్కడితో తేల్చరు, వేరే కిట్లతో మరో రెండు చేసి ఖాయం చేస్తారు. సోకిన తొలి వారాల్లో నెగెటివ్ చూపించే అవకాశమూ ఉంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. కౌన్సెలర్ రాత్రిపూట ఉండరు, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ పగలే తెరుస్తారు. ఈలోగా బంధువులు అతన్ని ప్రైవేటుకు తీసుకుపోవచ్చు. లేదా కట్టు కట్టించుకుని, ఆ సెంటర్‌కు వెళ్లమని రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని ఊరికి పోతాడు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగానే ఇస్తోంది. అయినా విరిగిన కాలుతో మళ్లీ బస్సెక్కాలి, తోడొచ్చినవాళ్లకు ఏదో ఒక అబద్ధం చెప్పాలి, ఆ గది ముందు తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని టెన్షన్. ఎంతమంది వస్తారు?

రోగి సిద్ధంగా ఉంటే, టీబీ లాంటి లక్షణాలేవీ లేకపోతే, ఖాయమైన రోజే మందు మొదలుపెట్టొచ్చని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మందు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గితే, లైంగికంగా ఎదుటివారికి సోకదు. కాబట్టి చీటీ ఇచ్చి దారి చూపించడం చాలదు. ఎవరో ఒకరు వీల్‌చెయిర్ తోసుకుంటూ ఆ గది దాకా వెళ్లాలి.

ఫోన్ నంబర్ కూడా రాసుకోవాలి. ఏ వేళకు చేస్తే అతనే ఎత్తుతాడో అడగాలి, ఎందుకంటే ఆ ఫోన్ పొద్దంతా తమ్ముడి దగ్గరే ఉండొచ్చు.