తెర అవతల కుమ్మక్కు: ఆన్‌లైన్ పోకర్ వెనకటి కథ

1998 జనవరి 1న ప్లానెట్ పోకర్ అనే సైట్ అసలు డబ్బుతో తొలి ఆన్‌లైన్ పోకర్ (ఒక రకం పేకాట) ఆట నడిపింది. అప్పట్లో ఆడేవాళ్ల అనుమానమంతా ముక్కలు కలిపే ప్రోగ్రామ్ మీదే. ఆ అనుమానం ఉత్తది కాదని మరుసటి ఏడాదే తేలింది. తమ ఆటలో దగా లేదని నిరూపించుకోవడానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ ప్రోగ్రామ్‌ను బయటపెడితే, అమెరికా భద్రతా నిపుణులు కొందరు దాన్ని విప్పి చూశారు. అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్న దాన్ని బట్టి అది ముక్కల వరుసను ఎంచుకుంటోంది. సైట్ గడియారంతో తమ గడియారాన్ని సరిపెట్టుకుంటే చాలు, ఐదు ముక్కలు కనబడగానే అందరి చేతుల్లో ఏ ముక్కలున్నాయో తెలిసిపోయేది.

ఆ లోపాన్ని సరిదిద్దారు. కానీ ఒకే గదిలో రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని, తమ ముక్కలు ఒకరికొకరు చెప్పుకునే ఇద్దరు మిత్రులను ఏ ప్రోగ్రామ్ సరిదిద్దుతుంది?

ఈ మోసంలో లాభం ఎక్కడుందో చాలామంది పొరబడతారు. టెక్సాస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, ఐదింటిని అందరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరుస్తారు. నా చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద తెరిచిన మూడింటిలో మరో రెండు ఉన్నాయనుకుందాం. ఇంకొక్కటి పడితే ఫ్లష్, అంటే ఐదూ ఒకే గుర్తు ముక్కలు. కనబడని 47 ముక్కల్లో తొమ్మిది ఆఠీన్లు, అంటే తర్వాతి ముక్కకు 19 శాతం అవకాశం. నా జతగాడి దగ్గర రెండు ఆఠీన్లున్నాయని తెలిస్తే 45లో ఏడే మిగులుతాయి, అవకాశం 15.6 శాతానికి దిగుతుంది. తేడా అంతంతమాత్రమే. అసలు దోపిడీ మధ్యవాణ్ణి ఇరికించడంలో ఉంది. అటువాడు పందెం పెంచుతాడు, ఇటువాడు ఇంకా పెంచుతాడు. బయటికి అది ఇద్దరి మధ్య పోరులాగే కనిపిస్తుంది. మధ్యలో ఉన్నవాడు మంచి ముక్కలు చేతిలో ఉండి కూడా పడేసి తప్పుకుంటాడు. రమ్మీ ఆడేవారికి ఇది కొత్త కాదు: తన తర్వాత ఆడేవాడికి కావలసిన ముక్కనే పడేస్తూ పోయేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ కనిపిస్తారు.

2007లో అబ్సొల్యూట్ పోకర్ సైట్‌లో బయటపడింది ఇంకా ఘోరమైన జోడీ. వెయ్యి డాలర్ల ప్రవేశ రుసుముతో జరిగిన టోర్నమెంట్‌లో ‘పాట్‌రిప్పర్’ అనే ఖాతా గెలిచింది. ఓడిన ఆటగాడు ఆట వివరాలు అడిగితే, సైట్ పొరపాటున అందరి ముక్కలూ ఉన్న ఎక్సెల్ ఫైలు పంపింది. ఆటగాళ్లే కూర్చుని దాన్ని వరుసగా చదివారు. మొదటి రెండు ఆటల్లో పాట్‌రిప్పర్ ముక్కలు పడేశాడు. అప్పుడు బల్ల దగ్గరికి ఒక ప్రేక్షక ఖాతా వచ్చింది. అక్కడి నుంచి దాదాపు 20 నిమిషాలు అతడు ఒక్క ఆటలోనూ మొదట్లోనే తప్పుకోలేదు. తప్పుకున్నది ఎదుటివాడి చేతిలో రెండు రాజులు ఉన్నప్పుడు! చూసేవాడొకడు, ఆడేవాడొకడు. ఆ ప్రేక్షక ఖాతాకు అందరి ముక్కలూ కనబడే ఏర్పాటు సంస్థ లోపలిదే. మరుసటి ఏడాది అల్టిమేట్ బెట్‌లోనూ ఇలాంటి మోసమే బయటపడింది. దానికి ప్రధాన బాధ్యుడిగా 1994 ప్రపంచ విజేత రస్ హామిల్టన్ పేరును ఈ సైట్లకు లైసెన్సులిచ్చిన, కెనడాలోని కానావాకే గేమింగ్ కమిషన్ ప్రకటించింది. కమిషన్ జరిమానాలు వేసింది కానీ, ముందు పసిగట్టింది మాత్రం డబ్బు పోగొట్టుకున్నవాళ్లే.

2010లో పోకర్‌స్టార్స్‌లో పట్టుబడిన చైనా ముఠాకు ఇలాంటి లోపలి దారి కూడా అక్కర్లేకపోయింది. వాళ్లు ఎంచుకున్న ఆటలో పదిమంది కూర్చుంటే ఐదుగురికి పెట్టిన డబ్బు రెట్టింపవుతుంది, మిగతా ఐదుగురికి సున్నా. మొదటి స్థానం కోసం ఆరాటపడే పని లేదు. కాబట్టి జట్టువాళ్లు ఒకరి జోలికి ఒకరు పోకుండా, బయటివాళ్లను మాత్రం నలిపితే సరిపోతుంది. పట్టించింది మళ్లీ పాత ఆటల రికార్డులే. నష్టపోయినవారికి సైట్ డబ్బు తిరిగి ఇచ్చింది.

ఆ తర్వాత కొన్ని సైట్లు ఆటగాళ్ల పేర్లు దాచేశాయి, రికార్డుల డౌన్‌లోడ్‌కూ అడ్డు పెట్టాయి. కొత్తవాళ్లను లెక్కల నిపుణులు వేటాడకుండా ఉండేందుకట. ఉద్దేశం మంచిదే కావచ్చు, అయితే దొంగను పట్టే ఆధారం కూడా దాంతోపాటే పోయింది.

మన దేశంలో చర్చ వేరే దారిలో నడిచింది. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో తెలియాలి అన్నది అందుకు కారణం. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి ఈ తీర్పునే పట్టుకుని వాదించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పులు, ఆత్మహత్యలు ఈ చర్చలో ముందుండటం న్యాయమే. ఎదుట కూర్చున్న ఇద్దరు ఒకటైపోతే నా నైపుణ్యం దేనికి పనికొస్తుందన్నది మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

చట్టం వచ్చాక పేరున్న కంపెనీలు డబ్బు బల్లలు ఎత్తేశాయి. ప్రైవేటు క్లబ్ ఆప్‌ల తీరు వేరు. వాటిలో తెర మీద తిరిగేవి ఉత్తుత్తి చిప్స్ (పందెం బిళ్లలు), డబ్బు లెక్కలు బయట ఏజెంటు తేలుస్తాడు. అక్కడ కుమ్మక్కు జరిగిందని అనుమానం వస్తే ఫిర్యాదు చేయాల్సింది ఆ ఏజెంటుకే. అదే బల్ల దగ్గర మరో పేరుతో కూర్చున్నది అతడే కాదని చెప్పేవాడు లేడు.