గివ్ అప్ అంటే ఓడిపోవడమేనా? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ చెప్పడం నా పని. ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకి అప్, ఇన్ లాంటి చిన్న మాట తగిలించి వాడేవి) అనగానే క్లాసులో సగం మందికి టెన్షన్, ఎందుకంటే అప్పటికే ఎవరో ఒక పెద్ద లిస్టు చేతికిచ్చి బట్టీ పట్టమని ఉంటారు. ఆ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. అందుకే గివ్ అప్ ఒక్కదాన్నే తీసుకుని, నేను తరచూ వినే అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ఇవన్నీ ఈమధ్య పుట్టిన మాటలు, అమెరికా వాళ్ల స్లాంగ్. మర్యాదగా రాసేచోట వాడకూడదు.

వాస్తవం: తూర్పు ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో మఠంలో సన్యాసులు ఏటికేడు జరిగిన సంగతులు రాసిపెట్టిన క్రానికల్ ఒకటుంది. అందులో 1132వ సంవత్సరం కింద ఈ మాట కనిపిస్తుంది. ఆ మఠానికి అధిపతిగా ఫ్రాన్స్ నుంచి వచ్చిన హెన్రీ అనే ఆయన ఉండేవాడు, మఠాన్ని ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం కిందకి తేవాలని చూశాడు, ఆ మోసం తెలిసిన ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ అతని చేత మఠాధిపతి పదవిని 'గివ్ అప్' చేయించి దేశం నుంచి పంపేశాడు. స్పెల్లింగ్ వేరు గానీ మాట ఇదే. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్ల వయసున్న మాటని మనం స్లాంగ్ అంటున్నాం!

మరి తక్కువ స్థాయి మాట అనే అభిప్రాయం ఎక్కడిది? 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక చాలాకాలం దర్బారు, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. సరెండర్, అబాండన్ లాంటివి ఆ దారిలో వచ్చిన మాటలు, అందుకే వాటికి ఆఫీసు వాసన. గివ్ అప్ ఇంట్లో, పొలంలో బతికిన మాట. అంతే తేడా. పైగా సరెండర్‌ని విడదీసి చూస్తే అందులోని ఫ్రెంచి క్రియకి అర్థం తిరిగి ఇవ్వడమే, అంటే రెండు మాటల లోపలా ఉన్నది 'ఇవ్వడం' అన్నమాట.

ఈ ఫ్రేజల్ వెర్బ్స్ విదేశీయులకి కష్టమని 1755లోనే శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో రాశాడు. కాబట్టి మీకు కష్టంగా ఉంటే అది మీ లోపం కాదు. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు మాత్రం కొత్తది, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది.

అపోహ: గివ్ అప్ అంటే ఓటమి ఒప్పుకోవడం.

నెవర్ గివ్ అప్ పోస్టర్లు చూసీ చూసీ ఇది మనసులో పాతుకుపోయింది. కానీ పైన ఆ మఠాధిపతి విషయంలో చూడండి, అక్కడున్నది నిస్పృహ కాదు, చేతిలో ఉన్నదాన్ని అప్పజెప్పడం. మొదటి అర్థం అదే. ఇవాళ్టికీ బతికే ఉంది. 2015లో కేంద్రం గ్యాస్ సబ్సిడీ విషయంలో గివ్ ఇట్ అప్ అని ప్రచారం చేసినప్పుడు ఎవరినీ ఓడిపొమ్మనలేదు, ఉన్నవాళ్లని తమకొచ్చే సబ్సిడీని స్వచ్ఛందంగా వదులుకోమంది. బస్సులో పెద్దావిడకి సీటు ఇచ్చినా గివ్ అప్పే, నేరస్థుడు తనంతట తానే వెళ్లి పోలీసులకి లొంగిపోయినా గివ్ అప్పే. ఇచ్చేయడం నుంచి వదులుకోవడం, వదులుకోవడం నుంచి మానేయడం, ఇక నావల్ల కాదనడం... అర్థం ఇలా ఒకదాని పక్కన ఒకటి జరుగుతూ పోయింది.

1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో యేసు మరణం దగ్గర మార్కు, లూకా, యోహాను ముగ్గురి సువార్తల్లోనూ 'గేవ్ అప్ ద ఘోస్ట్' అనే ఉంటుంది, ఇక్కడ ఘోస్ట్ అంటే దెయ్యం కాదు, ప్రాణం, ఆత్మ. తెలుగు బైబిల్ తీయండి. మార్కులో 'ప్రాణము విడిచెను', యోహానులో 'ఆత్మను అప్పగించెను'. గ్రీకు మూలంలో ఈ రెండు చోట్లా వేర్వేరు క్రియలే ఉన్నాయి, ఇంగ్లిష్ రెంటికీ గివ్ అప్ సరిపెట్టింది, మన తెలుగు ఆ తేడాని నిలబెట్టింది. నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఇది.

అపోహ: అప్ అంటే పైకి. ఇక్కడ దానికి అర్థమే లేదు, కాబట్టి బట్టీయే గతి.

వాస్తవం: ఈట్ అప్, డ్రై అప్, యూజ్ అప్ పక్కన పెట్టి చూడండి. పని పూర్తిగా అయిపోయిందని చెప్పడానికే ఆ అప్. మనం తిన్నాడుకీ తినేశాడుకీ, ఎండిందికీ ఎండిపోయిందికీ తేడా పుట్టుకతోనే తెలిసినవాళ్లం, ఆ తెలివినే ఇక్కడ వాడుకోవాలి. గివ్ అంటే ఇవ్వడం అయితే గివ్ అప్ ఇచ్చేయడం. డాక్టర్లు చేతులెత్తేశారు అంటామే, అందులోని 'ఏశారు' చేసే పనే ఇదీ.

అపోహ: గివ్ ఇన్, గివ్ అప్ ఒకటే.

కాదు. పిల్లాడు ఫోన్ కావాలని గంట ఏడిస్తే అమ్మ విసిగి ఇచ్చేసింది, అది గివ్ ఇన్, అవతలివాళ్ల ఒత్తిడికి తలొగ్గడం. వాడికి లెక్కలు నేర్పడం ఇక తన వల్ల కాదని మానుకుంటే గివ్ అప్. వాడు బాగుపడతాడన్న ఆశే వదిలేసుకుంటే గివ్ అప్ ఆన్ హిమ్, ఇది మాత్రం చాలా బరువైన మాట, మనుషుల మీద ఊరికే వాడకండి.

ఇక వాక్యంలో పెట్టేటప్పుడు రెండే జాగ్రత్తలు. ఇట్, దెమ్ లాంటివి మధ్యలో రావాలి, గివ్ ఇట్ అప్ అనాలి గానీ గివ్ అప్ ఇట్ అనకూడదు. తర్వాత ఇంకో క్రియ వస్తే దానికి ఇంగ్ తగిలించాలి, గివ్ అప్ స్మోకింగ్ అన్నట్టు. పరీక్ష పేపర్లలో గివ్ అప్ టు స్మోక్ అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు.