ఆరంకెల్లో ఊరు ఎక్కడుంది?

రామాపురం పేరుతో తెలుగునాట ఎన్ని ఊళ్లున్నాయో లెక్క తేల్చడం కష్టం. కొత్తపల్లి, గొల్లపల్లి కూడా అంతే. 1972లో పిన్ కోడ్ రాకముందు అలాంటి ఊరికి కార్డు రాసేవారు ఊరి పేరు కింద పోస్టు, వయా, తాలూకా, జిల్లా అన్నీ వరుసగా రాయవలసిందే. వాటిలో 'వయా' ముఖ్యం. తపాలా సంచి ఏ ఊరి మీదుగా వెళ్లాలో చెప్పే మాట అది. కదిలే రైలు పెట్టెలో నిలబడి ఉత్తరాలను గూళ్లలో వేసే ఆర్‌ఎంఎస్ (రైల్వే మెయిల్ సర్వీస్) సార్టర్లకు ఈ దారులన్నీ నోటికి వచ్చి ఉండాలి. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో రైల్వే పనికి కుదిరిన సిక్కోలు మనిషి ఇంటికి తెలుగులో చిరునామా రాస్తే, ఆ లిపి రాని సార్టరు చేతిలో ఆలస్యం తప్పేది కాదు.

ఈ చిక్కు విప్పడానికే 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా అధికారే కాదు, సంస్కృత కవి కూడా. ఏ లిపి చదివేవారికైనా అంకెలు అర్థమవుతాయి. ఆరంకెల్లో మొదటిది ప్రాంతాన్ని చెబుతుంది. మనకూ కర్ణాటకకూ కలిపి 5 వచ్చింది. మొదటి మూడూ కలిస్తే ఉత్తరాలను వేరుచేసే తపాలా జిల్లా, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసు.

పల్లెల కథ ఆ చివరి మూడంకెల దగ్గరే మొదలైంది. పిన్ కోడ్ ఊరిది కాదు, పోస్టాఫీసుది. ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసుకు విడిగా కోడ్ ఉండదు, పెద్ద ఊళ్లోని సబ్ పోస్టాఫీసు కోడే దానికీ వర్తిస్తుంది. దేశంలో పోస్టాఫీసులు లక్షన్నరకు పైగా ఉంటే పిన్ కోడ్‌లు 19 వేల చిల్లరే. అంటే ఒక్కో కోడ్ కింద పదులకొద్దీ పల్లెలుంటాయి. సంచి చేరాల్సిన చోటు తెలిస్తే చాలనుకున్న రోజుల్లో ఇది లోపం కాదు. ఆపైన ఏ ఇల్లు ఎవరిదో పోస్టుమ్యానుకు తెలుసు.

తర్వాత పాలన మారింది, అంకెలు మారలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది, ఆపైన రెండు చోట్లా జిల్లాలు చీలాయి. అన్నిటికంటే నన్ను కదిలించేది చింతూరు, కూనవరం ప్రాంతం. పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాలవి. మొదట తూర్పు గోదావరి అన్నారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. చింతూరు కోడ్ మాత్రం ఇప్పటికీ ఖమ్మం వరుసలోని 507126. ఆ అంకెలు చూసి జిల్లా పేరు పోల్చుకునే మనిషికి అక్కడి వాళ్లు నేటికీ తెలంగాణ వాళ్లే.

ఉత్తరాల కాలం వెళ్లాక ఈ కోడ్‌కు వేరే పని పడింది. ఫోనులో వస్తువు కొనబోతే ముందు పిన్ కోడ్ అడుగుతుంది, 'ఈ ప్రాంతానికి బట్వాడా లేదు' అంటుంది. వాగు అవతలి ఒక్క గూడేనికి దారి లేదని ఆ కోడ్‌ను పక్కన పెడితే, తారు రోడ్డు మీదున్న ఊరికీ పార్శిల్ రాదు. సార్టరుకు సాయంగా పుట్టిన అంకె పల్లె ముందు గేటులా నిలబడడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

2025లో తపాలా శాఖ హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం)లతో కలిసి డిజిపిన్ తెచ్చింది. నేలను సుమారు 4 మీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాలు, అంకెల గుర్తు ఇచ్చారు. ఇంటి నంబరు లేని కోయ గూడెంలోని గుడిసెకూ దీనితో సొంత గుర్తు ఉంటుంది. అయితే ఆ గుడిసెలో ఉండే మనిషి ఏ దరఖాస్తు నింపబోయినా, చిరునామా చివర అడిగేది ఇప్పటికీ సబ్ పోస్టాఫీసు ఆరంకెలనే.