మంద్రానికి దండి చెక్కినవారు

చెన్నై కోడంబాక్కంలో ఉండే మా తెలుగు మిత్రుడొకరి దగ్గర మంద్రస్వరాలు పలికించే పాత బాస్ గిటారు ఒకటి ఉంది. దాని నాలుగు తీగల్లో అన్నిటికన్నా సన్ననిదాన్ని ఆరో మెట్టు దగ్గర నొక్కి మీటితే, పలికిన స్వరం నిలవకుండా వెంటనే కుంగిపోతుంది. తీగలు మార్చినా, మెట్లు అరగదీయించినా ఫలితం లేకపోయింది. లోపం దండిలో, అంటే మెట్లు అమర్చిన పొడవాటి చెక్కలో ఉంది.

దండి చూడటానికి కదలని చెక్కే అయినా, దానికంటూ ఒక సహజ కంపన వేగం ఉంటుంది. తీగ పలికే స్వరం ఆ వేగానికి దగ్గరపడినప్పుడు తీగలోని శక్తిని దండి లాగేసుకుంటుంది. వాద్యకారులు డెడ్ స్పాట్ అని పిలిచే ఈ మూగ చోటు చాలా బాస్ గిటార్లలో సన్నతీగ మీద ఐదు, ఏడు మెట్ల మధ్యనే కనిపిస్తుంది. దండి చివర బరువైన క్లాంపు బిగిస్తే దాని కంపనం నెమ్మదించి, మూగ చోటు కింది స్వరానికి జరుగుతుంది.

1951లో అమెరికా వాద్యాల తయారీదారు లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బాస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు, దండిని ఒంటికి మరలతో బిగించారు. ఫ్యాక్టరీలో త్వరగా చేయడానికి అది చక్కని పద్ధతి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1969లో మొదలైన అలెంబిక్ అనే వాద్యాల సంస్థ వేరే దారి పట్టింది. బాస్ వాద్యకారుడు జాక్ కాసడీ కోసం 1972లో పూర్తిచేసిన బాస్‌తో పేరు తెచ్చుకున్న ఆ పనివారు, వేర్వేరు కలపల బద్దలను అంటించి, ఒక కొస నుంచి మరో కొస దాకా సాగే దండిని చేసి, దానికి ఇరువైపులా ఒంటి చెక్కలు అతికేవారు. బొబ్బిలిలో ఒకే పనసమానులోంచి తొలిచిన ఏకాండి వీణను చూసినవారికి, దండికీ ఒంటికీ మధ్య అతుకు ఉండకూడదన్న పట్టుదల కొత్తగా తోచదు. అయితే అక్కడ మాను ఒక్కటే, ఇక్కడ బద్దలు అనేకం. ఒక బద్ద వంగజూస్తే పక్కది ఆపుతుంది కాబట్టి, చెన్నై ఉక్కపోతకు ఈ రెండో పద్ధతే మేలని నా అభిప్రాయం. మూగ చోటు మాత్రం దీనితో మాయం కాదు. దండి బిగువు పెరిగేకొద్దీ పై స్వరాల వైపు జరుగుతుంది.

అంతకన్నా కఠినమైన కోరిక మరో బాస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్‌ది. ఆయన అడిగిన ఆరు తీగల బాస్‌ను న్యూయార్క్ వాద్యశిల్పి కార్ల్ థాంప్సన్ 1975లో చేసి ఇచ్చారు. మామూలు బాస్‌లో లావుతీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తే, జాక్సన్ కోరిన మంద్రతీగ 31 సార్లే కంపించాలి. ఉన్న తీగనే వదులు చేస్తే బిగువు 56 శాతానికి పడిపోయి, అది వేలాడే తాడవుతుంది. లావు పెంచితే తీగ ఇనుప కడ్డీలా బిరుసెక్కి, మూలస్వరంతోపాటు పలికే దాని పై స్వరాలు శ్రుతి తప్పుతాయి. అందుకే ఉక్కు నడిమితీగను సన్నగా ఉంచి, దాని చుట్టూ వేరే తీగ చుట్టి బరువు పెంచుతారు. అదీ చాలనప్పుడు మిగిలేది పొడవే. తర్వాత జాక్సన్ కోసం ఫొడెరా అనే గిటార్ల సంస్థ వారు చేసిన వాద్యాల్లో తీగ పొడవు 36 అంగుళాలు. అదే తీగను అదే శ్రుతిలో అంత పొడవున కడితే బిగువు 12 శాతం పెరుగుతుంది. కాకపోతే ఎడమచేయి అంత మేరా చాచాలి.

మా మిత్రుడు కూడా క్లాంపు బిగించి చూశారు. మూగ చోటు ఆరో మెట్టు నుంచి ఐదో మెట్టుకు దిగింది. ఆయన వాయించే పాటల్లో ఐదో మెట్టు పనే ఎక్కువ కాబట్టి, మర్నాడే దాన్ని విప్పేశారు.