పంచదార చిలక, నోబెల్ పతకం

పర్లాకిమిడి

చిన్నమ్మలూ, పెద్దోడా,

చిన్నది పరుగు పందెంలో రెండో బహుమతి తెచ్చుకుందని, పతకం మెడలో వేసుకునే పడుకుందని మీ అమ్మ బరంపురం నుంచి ఫోన్ చేసి చెప్పింది. మర్నాటికే దాని పూత చెమటకి వదిలి చేతికి నల్లగా అంటుకుందట, పోతే పోయింది, దానికి ఏడుపెందుకే. నాకు నచ్చింది నువ్వడిగిన ప్రశ్న. "తాతా, దీని మీద పరిగెడుతున్న మనిషి బొమ్మ ఎవరు చేశారు?" ఫోన్లో చెప్తే సగంలో కార్టూన్లకి పారిపోతారు. పైగా బడిలో మీ చదువంతా ఒడియాలోనే, ఈ వంకనైనా నాలుగు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారని ఉత్తరం రాస్తున్నాను.

మొన్న పెళ్లి సారెలో వచ్చిన పంచదార చిలకలు గుర్తున్నాయా? ముందు తోక తినాలా ముక్కు తినాలా అని కొట్టుకున్నారే, అవి. మన ఊళ్లో కొమ్ము పనివాళ్లు కొంగని చేస్తే కొమ్ముని కాచి, వంచి, ఒక్కో కొంగనీ విడిగా చెక్కుతారు. పంచదార చిలకని మాత్రం ఎవరూ చెక్కరు, దాని అచ్చుని చెక్కుతారు. రెండు చెక్కల్లో బొమ్మని లోపలికి తవ్వి, రెక్క పైకి రావలసిన చోట గుంట పెట్టి, రెండూ కలిపి బిగించి పాకం పోస్తారు. ఒక్క అచ్చు కుదిరితే వంద చిలకలు. నీ పతకమూ ఆ చిలకే. ఎవరో ఒకసారి అచ్చు చేశారు, దుకాణంలో వేలాడేవన్నీ దాని పిల్లలు.

అలాంటి అచ్చులు చేస్తూ బతికిన ఒకాయన ఎరిక్ లిండ్‌బర్గ్. 1873లో స్వీడన్ దేశంలో పుట్టాడు, వాళ్ల నాన్నా పతకాల శిల్పే. నోబెల్ బహుమతి పతకాలు, అదే మన టాగూర్‌కీ సి.వి. రామన్‌కీ ఇచ్చినవి, వాటి బొమ్మలు ఈయనవే. శాంతి పతకం ఒక్కటి వేరే శిల్పి చేశాడు. 1901లో మొదటిసారి బహుమతులిచ్చే రోజుకి ఈయన పని పూర్తి కాలేదు! ఎక్స్‌రే కనిపెట్టిన రోంట్‌గెన్ అంతటివాడికి కూడా అప్పటికి మామూలు లోహంతో చేసిన తాత్కాలిక పతకం ఇచ్చి సర్దుకున్నారు. అసలుది 1902లో గానీ తయారవలేదు. మీ హోంవర్కు ఆలస్యమైతే ఈ కథ టీచర్‌కి చెప్పకండి, పని చెయ్యదు.

సాహిత్యం పతకం వెనకవైపు ఒక కుర్రాడు చెట్టు కింద కూర్చుని ఉంటాడు. ఎదురుగా చదువుల తల్లి లాంటి ఒక దేవత పాడుతుంటే విని రాసుకుంటూ ఉంటాడు. చెట్టు, కుర్రాడు, పాట వినే ఆ ముఖం, ఇన్నీ చిన్న పూరీ అంత బంగారం బిళ్ల మీద, 66 మిల్లీమీటర్లలో. అందుకే ఆ రోజుల్లో పతకాల శిల్పులు ముందు బొమ్మని పళ్లెమంత పెద్దదిగా మైనంతోనో మట్టితోనో చేసేవాళ్లు. తర్వాత ఒక యంత్రం ఉంటుంది, దానికో పొడుగాటి చెయ్యి. ఒక కొస పెద్ద బొమ్మని తడుముతూ పోతే ఇంకో కొస అదే వంపుని చిన్నగా ఉక్కులో చెక్కుతూ పోతుంది.

ఇక్కడికొచ్చేసరికి నా చిలక ఎగిరిపోయింది. పాకమైతే పోస్తే చాలు. ఈ పతకాన్ని మాత్రం బంగారం బిళ్లని ఉక్కు అచ్చుల మధ్య పెట్టి కొట్టాలి. ఒక్క దెబ్బకి బొమ్మంతా దిగదు, కొట్టేకొద్దీ లోహం బిగుసుకుంటుంది, కాల్చి మెత్తబరిచి మళ్లీ కొట్టాలి. చిలకల చెక్కని అలా కొడితే పొయ్యిలోకే పనికొస్తుంది.

నాకు అచ్చు సంగతి తెలిసింది మాత్రం సబ్బు వల్ల. మీ వయసులో ఓసారి తడి సబ్బు మీద నయా పైసా పెట్టి మడమతో తొక్కాను. పైసా ఊడదీస్తే సబ్బులో గుంట, గుంటలో సింహాలు, అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. దాన్ని కిటికీ దగ్గర పెట్టి ఇటూ అటూ తిప్పుతుంటే ఒకచోట, లోపలికి ఉన్న ఆ సింహాలే పైకి లేచినట్టు కనపడ్డాయి! వేలు పెడితే గుంట, కంటికి గుట్ట. మా అమ్మ వచ్చి రెండు తగిలించింది, సబ్బు కొత్తది మరి. ఆ తర్వాత ఇంకో పైసాని గుణుపురం చిన్న రైలు పట్టా మీద పెట్టాను. రైలు పోయాక సింహాలూ లేవు, అక్షరాలూ లేవు, ఉత్త రేకు. మీరుగానీ పట్టాల దగ్గరికి వెళ్లారని తెలిసిందో, ఊరుకోను.

ఎగిరిపోయిన చిలకని ఇంకొక్కసారి పిలుస్తాను. దాన్ని నీళ్లలో వేస్తే కరిగిపోతుంది కదా. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, జర్మన్ సైన్యం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోకి వచ్చినప్పుడు హెవెషీ అనే శాస్త్రవేత్త అచ్చం ఆ పనే చేశాడు. ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు దాచమని అప్పగించిన నోబెల్ పతకాలు నాజీల చేతికి దొరికితే ప్రమాదం. అందుకని వాటిని ఆమ్లంలో కరిగించేసి సీసా ప్రయోగశాలలో అలమార మీద పెట్టేశాడు. వచ్చినవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. యుద్ధమయ్యాక అందులోంచి బంగారం తీశారు, ఆ బంగారంతోనే మళ్లీ పతకాలు చేయించి ఇచ్చారు. టాగూర్ పతకం 2004లో శాంతినికేతన్‌లో దొంగతనమైపోయింది. ఆ తర్వాత నోబెల్ ఫౌండేషన్ దానికి నకళ్లు పంపింది. చిలక కరిగినా, పిల్లి ఎత్తుకుపోయినా, చెక్క ఉంటే చాలన్నమాట. ఆ కుర్రాడు మళ్లీ అదే చెట్టు కింద కూర్చుని రాసుకుంటాడు.

సబ్బులో సింహాలు ఎందుకలా పైకి లేచాయో చెప్పమంటే చెప్పగలను, కానీ చెప్పను. రాత్రి లైట్లార్పి, రెండు రూపాయల బిళ్ల తడి సబ్బు మీద గట్టిగా నొక్కి తీసి, టార్చి పక్కనుంచి వేసి నెమ్మదిగా తిప్పుతూ చూడండి. అలాగే బిళ్ల మీద సంవత్సరం కింద ఏముందో చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కలకత్తాది. నక్షత్రం ముందు ఎవరికి దొరికితే వాళ్లు ఫోన్ చెయ్యండి. సబ్బు మాత్రం అమ్మని అడిగి, అరిగిపోయింది తీసుకోండి.

మీ తాత