హ్యాండ్‌హెల్డ్ పీసీనా, కన్సోలా: ఈ తగువుకు మూలం 2018లో ఉంది

హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీల మీద, అంటే చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్ల మీద, వాదన మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు పెట్టింది ధర. 2025 అక్టోబర్ 16న ఆసుస్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్ ప్రారంభ ధర అమెరికాలో 999.99 డాలర్లు. లెనోవో లీజియన్ గో 2 అయితే వెయ్యి దాటేసింది. డిసెంబర్‌లో, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ తన హ్యాండ్‌హెల్డ్ పీసీలైన స్టీమ్ డెక్‌లన్నిటిలో చవకైన 399 డాలర్ల మోడల్ తయారీ ఆపేసింది. మెమరీ చిప్‌ల కొరత ముదరడంతో 2026 ఫిబ్రవరికి ఓఎల్‌ఈడీ డెక్ కూడా కొన్నిచోట్ల స్టాక్ లేకుండా పోయింది. పక్కనే చూస్తే, గేమ్‌ల కోసమే చేసిన కన్సోల్ నింటెండో స్విచ్ 2 అమెరికాలో 449.99 డాలర్లకు విడుదలైంది. ఇంత పోసి పీసీని చేతిలో పట్టుకు తిరగడం ఎందుకు, హాయిగా ఒక కన్సోల్ కొనుక్కోవచ్చు కదా అని అడిగేవాళ్లు అందుకే పెరిగారు.

ప్రశ్న న్యాయమైనదే. కానీ వాదించేవాళ్లలో ఎక్కువమంది చిప్ వేగం, తెర సైజు, బ్యాటరీ, ధర ఒక పట్టికలో వేసి తేల్చేద్దామని చూస్తున్నారు. ఈ పరికరాలను జనం ఎందుకు కొన్నారో ఆ పట్టికలో కనిపించదు. గేమ్ బాయ్ నుంచి పీఎస్‌పీ దాకా చరిత్ర అందరికీ తెలిసిందే, దాన్ని ఇక్కడ తిరగదోడడం లేదు. స్విచ్ 2017లో వచ్చి ఇంటి కన్సోల్‌నీ చేతి కన్సోల్‌నీ ఒకటి చేసిన సంగతీ తెలిసిందే. జీపీడీ, అయానియో లాంటి కంపెనీలు డెక్ కంటే ముందే విండోస్‌తో చిన్న గేమింగ్ పీసీలు చేశాయి, అవి కొద్దిమంది ఔత్సాహికుల దగ్గరే ఆగిపోయాయి. అసలు మలుపు తిరిగింది 2018 ఆగస్టులో. ఆ రోజు మార్కెట్లోకి కొత్త పరికరమేదీ రాలేదు. ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది.

దానికి ముందు ఒక ఘోర వైఫల్యం ఉంది. 2012లో విండోస్ 8 రాబోతున్నప్పుడు వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ దాన్ని పీసీ రంగానికి పెను విపత్తుగా వర్ణించారు. మైక్రోసాఫ్ట్ తన సొంత స్టోర్‌ను విండోస్‌లోనే పెడితే, విండోస్ మీద ఆధారపడి గేమ్‌లు అమ్ముకునే స్టీమ్ గతేమిటన్నది ఆయన భయం. అందుకే విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వైపు తిరిగారు. 2015 నవంబర్‌లో స్టీమ్ మెషీన్లు అమ్మకానికి వచ్చాయి. టీవీ పక్కన పెట్టుకునే పీసీలు, లోపల లినక్స్ ఆధారిత స్టీమ్ ఓఎస్. అవి చతికిలపడ్డాయి. కారణం చాలా మామూలుది. కొన్నవాడు స్టీమ్‌లో లాగిన్ అయి తన లైబ్రరీ తెరిస్తే, డబ్బు పెట్టి కొన్న గేమ్‌లలో లినక్స్ వెర్షన్ ఉన్నవి మాత్రమే నడిచేవి. లినక్స్ వాడేవాళ్లు లేరు కాబట్టి స్టూడియోలు వెర్షన్ చేయవు, వెర్షన్లు లేవు కాబట్టి వాడేవాళ్లు రారు.

2018లో వాల్వ్ ఆ చిక్కుముడిని మరో వైపు నుంచి విప్పింది. స్టూడియోలను బతిమాలడం మానేసి, విండోస్ గేమ్‌ను విండోస్ గేమ్‌గానే ఉంచి లినక్స్ మీద నడిపే పని పెట్టుకుంది. దాని పేరు ప్రోటాన్. కోడ్‌వీవర్స్ అనే సంస్థతో కలిసి, ఏళ్ల తరబడి ఉన్న వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద దీన్ని కట్టారు. గేమ్ బొమ్మ గీయడానికి విండోస్ తాలూకు డైరెక్ట్‌ఎక్స్‌కు ఆదేశాలిస్తుంది. ప్రోటాన్‌లోని భాగాలు ఆ ఆదేశాలను అప్పటికప్పుడు వల్కన్ అనే పద్ధతిలోకి మార్చి గ్రాఫిక్స్ చిప్‌కు అందిస్తాయి. అందులో ముఖ్యమైన డీఎక్స్‌వీకే అనే భాగాన్ని మొదలుపెట్టింది ఏ కార్పొరేట్ ల్యాబూ కాదు. నియర్: ఆటోమాటా అనే గేమ్‌ను తన లినక్స్ కంప్యూటర్‌లో ఆడుకోవాలనుకున్న ఒక డెవలపర్ రాయడం మొదలుపెట్టాడు. వాల్వ్ అది చూసి అతనికి జీతమిచ్చి ఆ పనే చేయమంది. 2018 ఆగస్టులో ప్రోటాన్ బయటికొచ్చినప్పుడు సరిగ్గా నడుస్తాయని వాల్వ్ ధైర్యంగా చెప్పిన గేమ్‌లు 27. నియర్: ఆటోమాటా వాటిలో ఒకటి.

ఆ సంఖ్య 27 నుంచి వేలల్లోకి పెరిగాక స్టీమ్ డెక్ వచ్చింది. 2021 జులైలో ప్రకటించారు, 2022 ఫిబ్రవరి చివర్లో చేతికందింది. ప్రారంభ ధర 399 డాలర్లు. ఆ ధర దగ్గరికి రావడం బాధాకరమే అయినా తప్పదని న్యూవెల్ అప్పట్లో చెప్పారు. ఏడు అంగుళాల తెర, ఏఎండీ చిప్, 16 జీబీ మెమరీ, బరువు 669 గ్రాములు. ఇవేవీ అద్భుతాలు కావు. అద్భుతం లాగిన్ అయ్యాక కనిపించింది. పదేళ్ల కింద డిస్కౌంట్‌లో కొని ముట్టుకోని గేమ్‌లతో సహా మొత్తం లైబ్రరీ అక్కడ ఉంది. మళ్లీ ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఇంటి పీసీలో ఆపిన చోటి నుంచే ఇక్కడ అందుకోవచ్చు, ఎందుకంటే చాలా గేమ్‌ల సేవ్ ఫైల్ క్లౌడ్‌లో తనంతట తానే వచ్చేస్తుంది.

ఎల్డెన్ రింగ్ సంగతి ఈ మలుపు ఎంత దూరం వెళ్లిందో చూపిస్తుంది. డెక్ జనం చేతికి వెళ్లే రోజుల్లోనే, 2022 ఫిబ్రవరి 25న ఆ గేమ్ విడుదలైంది. పీసీల మీద అది ఉన్నట్టుండి పట్టేసినట్టు ఆగి ఆగి నడిచేది, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్నవాళ్లకూ తప్పలేదు. కొన్నిచోట్ల గేమ్ ఒక్కసారిగా వేల కొద్దీ మెమరీ వనరులను సృష్టించుకోవడం ఒక కారణమని వాల్వ్ ఇంజినీర్లు పట్టుకున్నారు. ప్రోటాన్ అనే తమ అనువాద పొరలో, వాటిని మళ్లీ వాడుకోవడానికి దూకుడుగా దాచిపెట్టుకునేలా మార్పు చేశారు. కొద్ది రోజుల్లోనే, ఆ ఆగి ఆగి నడిచే ఇబ్బంది విషయంలో వేల డాలర్ల విండోస్ పీసీ కంటే 399 డాలర్ల డెక్ మెరుగ్గా కనబడింది. గేమ్ తయారుచేసిన స్టూడియో చేయవలసిన మరమ్మతును మధ్యలో ఉన్న పొర చేసింది. పీసీ అంటే ఎవరి కర్మకు వాళ్లే బాధ్యులు అనుకునే చోట, కన్సోల్‌లో మాత్రమే ఉండే ఒక పూచీ అప్పుడు మొదటిసారి కనిపించింది.

డెక్ వాడినవాళ్లు ఎక్కువగా మెచ్చుకునే గుణం మరొకటుంది: పవర్ బటన్. యుద్ధం మధ్యలో నొక్కితే ఆట అక్కడే గడ్డకట్టినట్టు ఆగుతుంది. గంటల తర్వాత మళ్లీ నొక్కితే కత్తి అదే కోణంలో ఉంటుంది. స్విచ్‌లో ఇది ఎప్పటి నుంచో ఉంది, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలోనూ ఉంది. విండోస్ పీసీల్లో లేనిది ఇదే. 2023 జూన్‌లో 699.99 డాలర్లతో వచ్చిన ఆసుస్ ఆర్‌ఓజీ అలై డెక్ కంటే వేగవంతమైనది, తెర కూడా మెరుగైనదే. లోపల మాత్రం విండోస్ 11. మౌస్ కోసం తయారైన చిన్న చిన్న బటన్లను ఏడంగుళాల తెర మీద బొటనవేలితో వెతుక్కోవాలి. పాస్‌వర్డ్ కొట్టబోతే కీబోర్డ్ పైకి రాదు, వద్దన్నప్పుడు వచ్చి సగం తెర కప్పేస్తుంది. స్లీప్‌లో పెట్టి సంచిలో వేసిన పరికరం వేడెక్కి, బ్యాటరీ హరించుకుపోయి బయటికొస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి ఎక్కువ చికాకు దక్కింది. ఆ యంత్రాల్లో విండోస్ తీసేసి బజైట్ లాంటి లినక్స్ వేసుకునే అలవాటు పుట్టింది అందువల్లే. 2025లో లెనోవో తన లీజియన్ గో ఎస్‌ను స్టీమ్ ఓఎస్‌తోనే అమ్మడం మొదలుపెట్టింది. వాల్వ్ కాకుండా మరో కంపెనీ లైసెన్సుతో అలా అమ్మిన మొదటి హ్యాండ్‌హెల్డ్ అదే.

ధరల లెక్క కూడా ఇక్కడే అర్థమవుతుంది. కన్సోల్ కంపెనీలు పెట్టెను తక్కువ లాభానికో, ఒక్కోసారి నష్టానికో అమ్మి, అమ్ముడైన ప్రతి గేమ్‌లో వాటా తీసుకుని పూడ్చుకుంటాయి. వాల్వ్‌కు ఆ వీలుంది, స్టీమ్‌లో అమ్ముడయ్యే గేమ్ మీద మామూలుగా 30 శాతం తీసుకుంటుంది కాబట్టి. ఆసుస్‌కు, లెనోవోకు స్టోర్ లేదు. పరికరం మీదే సంపాదించాలి. స్టీమ్ డెక్ కన్సోల్ ధరకు వచ్చి మిగతావి ల్యాప్‌టాప్ ధరకు రావడం వెనుక ఉన్నది ఇంతే.

కన్సోల్ పక్షానికీ గట్టి జవాబే ఉంది. స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడైంది. డెక్ గురించి వాల్వ్ 2023లో చెప్పింది కొన్ని మిలియన్లని మాత్రమే. స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు దాటింది. సెట్టింగుల జోలికి పోకుండా పెట్టె తెరిచి ఆడుకునే సుఖం, మారియో, జెల్డా లాంటి సొంత గేమ్‌లు, పిల్లల చేతికి నిశ్చింతగా ఇవ్వగలగడం కన్సోల్‌కే ఉన్నాయి. ఆన్‌లైన్ పోటీ గేమ్‌లలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ మరో గోడ: ఫోర్ట్‌నైట్, డెస్టినీ 2 స్టీమ్ ఓఎస్ మీద నడవవు, అపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్ చివర్లో లినక్స్‌కు తలుపు మూసేసింది. స్నేహితులతో ఈ గేమ్‌లే ఆడేవాడికి డెక్ పనికిరాదు. ఇది దాచాల్సిన విషయం కాదు.

అయినా ఈ అంకెలు రెండు వేర్వేరు జనాలవి. స్విచ్ కొనేవాడు కొత్తగా ఒక లైబ్రరీ మొదలుపెడతాడు. డెక్ కొనేవాడి దగ్గర లైబ్రరీ అప్పటికే ఉంది, దానికి చేతిలో ఇమిడే తెర కావాలి. ఆ లైబ్రరీ ఎందుకంత విలువైందో తెలియాలంటే కన్సోల్ స్టోర్ల తీరు చూడాలి. 2021 మార్చిలో సోనీ పీఎస్3, వీటా, పీఎస్‌పీ స్టోర్లు మూసేస్తున్నామంది. ఆగ్రహం వెల్లువెత్తితే ఏప్రిల్‌లో పీఎస్3, వీటా విషయంలో వెనక్కి తగ్గింది. నింటెండో 2023 మార్చి 27న 3డీఎస్, వీ యూ స్టోర్లలో అమ్మకాలు ఆపేసింది. స్టీమ్‌లో కొన్నదీ కాగితం మీద లైసెన్సే, సొంతం కాదు. కానీ యంత్రం మారినంత మాత్రాన కొన్నది వెనకబడిపోదన్న నమ్మకం అక్కడ ఏళ్లుగా నిలబడింది. కన్సోల్ కంపెనీలూ దీన్ని గ్రహించాయి: పీఎస్5 మీద పీఎస్4 గేమ్‌లు దాదాపు అన్నీ నడుస్తాయి, స్విచ్ 2 పాత స్విచ్ గేమ్‌లలో అధిక భాగాన్ని నడుపుతుంది.

ఈ వెలుగులో ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్‌ను చూస్తే వెయ్యి డాలర్ల కంటే పెద్ద లోపం కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ డెస్క్‌టాప్‌ను పక్కన పెట్టి నేరుగా ఎక్స్‌బాక్స్ తెరతో మొదలయ్యే ఏర్పాటు చేసింది, దాంతో కొంత మెమరీ కూడా మిగులుతోంది. ఇది నిజమైన మెరుగుదలే. కానీ పదేళ్లుగా ఎక్స్‌బాక్స్ కన్సోల్ కోసం గేమ్‌లు కొన్నవాడు ఈ పరికరంలో లాగిన్ అయితే, పీసీ వెర్షన్ కూడా కలిపి ఇచ్చిన గేమ్‌లే అందులో నడుస్తాయి. మిగతావి ఇంట్లో కన్సోల్ ఆన్‌లో ఉంచి ఇంటర్నెట్ ద్వారానో, క్లౌడ్ ద్వారానో ఆడుకోవాలి. 2015లో స్టీమ్ మెషీన్ కొన్నవాడి నిరాశే ఎక్స్‌బాక్స్ పేరు మీద పదేళ్ల తర్వాత తిరిగొచ్చింది. ఆ పరికరంలో స్టీమ్ మాత్రం నిక్షేపంగా నడుస్తుంది.

వాల్వ్ పక్షం కూడా నిశ్చింతగా లేదు. 2018 నాటి మలుపు లైబ్రరీని తెచ్చింది, 399 డాలర్ల ధర జనాన్ని తెచ్చింది. ఆ రెండోది ఇప్పుడు చేజారుతోంది. 2025 నవంబర్‌లో వాల్వ్ కొత్త స్టీమ్ మెషీన్‌ను ప్రకటించి కూడా ధర చెప్పలేదు. మెమరీ కొరత వల్ల ధరనూ తేదీనీ మళ్లీ లెక్క వేసుకోవాల్సి వచ్చిందని ఆ తర్వాత ఒప్పుకుంది. ఈసారి దానికి లోటు గేమ్‌లు కాదు. ఆ పెట్టె మీద ఎంత అంకె వేస్తారన్నదే 2026 ఆరంభంలో హ్యాండ్‌హెల్డ్ కంపెనీలూ, కన్సోల్ కంపెనీలూ కలిసి ఎదురుచూసిన సంగతి.