మెమరీ ఎంత ఉందో కెర్నల్‌కు ఎవరు చెప్పారు?

మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ ల్యాబులో బల్ల మీద రెండు బోర్డులు ఉన్నాయి. ఒకదానిలో 1 జీబీ మెమరీ. రెండోది ఖర్చు తగ్గించడానికి 512 ఎంబీతో చేయించినది. రెండింటిలోనూ అదే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), అదే డివైస్ ట్రీ (బోర్డులో ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే జాబితా). మొదటిది చక్కగా లేస్తుంది. రెండోది ‘స్టార్టింగ్ కెర్నల్’ అన్న ఒక్క ముక్క సీరియల్ తెర మీద వేసి, ఇక నోరు మెదపదు.

మేము మూడు రోజులు డ్రైవర్లను అనుమానించాం. కరెంటు సరఫరాను అనుమానించాం. నాలుగో రోజు చిప్ లోపలికి నేరుగా చూసే జేట్యాగ్ పరికరం తగిలించి, కెర్నల్ తన సందేశాలు దాచుకునే బఫర్‌ను చదివితే అసలు సంగతి తెలిసింది. డివైస్ ట్రీలో మెమరీ 1 జీబీ అని రాసి ఉంది. కెర్నల్ ఆ మాట నమ్మి, తన పేజీ టేబుళ్లకు, అంటే మెమరీ చిరునామాల పట్టికలకు, పై చివరన చోటు తీసుకుంది. ఆ చిరునామా వెనక చిప్పే లేదు. రాయబోయిన ప్రాసెసర్ ఎక్సెప్షన్‌లో పడింది. ఆ సంగతి పైకి చెప్పాల్సిన కన్సోల్ అప్పటికి లేవనేలేదు.

తన దగ్గర ఎంత మెమరీ ఉందో కెర్నల్ సొంతంగా కొలుచుకోదు, ఎవరో చెప్పింది వింటుంది. బూట్ దశలో వచ్చే మెమరీ వైఫల్యాల్లో నేను చూసినవాటిలో సగానికి పైగా ఈ విన్న మాట దగ్గరే మొదలయ్యాయి. ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు.

హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 కంప్యూటర్ కాలంలో యంత్రం ముందు కూర్చున్న మనిషికే అందులో ఎంత మెమరీ ఉందో తెలుసు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీతో కథ మారింది. అందులోని 8088 ప్రాసెసర్ 1 ఎంబీకి మించి చూడలేదు. అందులో 640 కేబీ ప్రోగ్రాములకు, మిగిలింది తెరకూ, చెరగని ప్రోగ్రాములుండే రోమ్ చిప్‌లకూ. ఎంత మెమరీ ఉందో తెలుసుకోవాలంటే బయోస్‌ను, అంటే యంత్రం వెలగగానే నడిచే తొలి ప్రోగ్రామును, అడగాలి. తర్వాతి ప్రాసెసర్లు 1 ఎంబీ దాటాక, ఆ పైనున్న మెమరీ కోసం బయోస్‌లో ఇంకో పిలుపు చేర్చారు. అది జవాబును కిలోబైట్లలో, 16 బిట్ల రిజిస్టరులో ఇస్తుంది. అంటే 64 ఎంబీ దాటి లెక్క చెప్పడం దానికి చేతకాదు. ఆ రోజుల్లో 64 ఎంబీ ఎవరు కొంటారన్న ధీమా కావచ్చు.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో దొరికే మెమరీ కడ్డీలతో ఇంట్లో కంప్యూటర్ బిగించుకున్నవాళ్లకు ఆ ధీమా ఫలితం తెలుసు. రెండు 64 ఎంబీ కడ్డీలు పెట్టి లినక్స్ 2.0 ఎక్కిస్తే చాలా యంత్రాల్లో 64 మాత్రమే కనిపించేది. దుకాణదారు మోసం చేశాడని వెనక్కి వెళ్లిన కుర్రాళ్లూ ఉన్నారు. పరిష్కారం, కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించే లిలో అనే బూట్‌లోడర్‌లో ‘మెమ్=128ఎం’ అని రాయడం. చివరి ‘ఎం’ మరిచిపోతే కెర్నల్ దాన్ని 128 బైట్లుగా తీసుకుని అక్కడికక్కడే చతికిలబడేది. సరిగ్గా రాసినా భరోసా లేదు: మెమరీ పై అంచున బయోస్ తన పట్టికలు దాచుకుని ఉంటే, మనం ఇచ్చిన అంకె ఆ ముక్కను కూడా కెర్నల్‌కు ధారాదత్తం చేసేది.

దీనికి వచ్చిన జవాబే ఈ820 అనే బయోస్ పిలుపు. అది ఒక్క అంకెతో సరిపెట్టదు, పట్టిక ఇస్తుంది: ఇక్కడి నుంచి ఇంత పొడవు, ఇది వాడుకోవచ్చు, ఇది వాడకూడదు, ఇది ఫలానా పని అయ్యాక వాడుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే పహాణీ. పహాణీలకు ఉండే జబ్బులన్నీ దీనికీ ఉన్నాయి. ఒకే స్థలం రెండు వరుసల్లో రెండు రకాలుగా నమోదవుతుంది. అందుకే లినక్స్ ఆ పట్టికను చదివిన వెంటనే శుభ్రం చేసుకుంటుంది. రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి పడితే, వాడకూడదన్న మాటకే విలువ ఇస్తుంది. రెవెన్యూ శాఖ కన్నా ఈ ఒక్క విషయంలో నయం.

ఇది బయటి కథ. కెర్నల్ లోపల ఇంకో చిక్కు ఉంది. నడుస్తున్న కెర్నల్‌లో మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా పంచేది బడ్డీ అలొకేటర్. కెనెత్ నోల్టన్ 1965లో వివరించిన పద్ధతి దానికి మూలం. అది పనిచేయాలంటే ప్రతి 4 కేబీ పేజీకీ ఒక వివరాల కార్డు కావాలి, 64 బిట్ల యంత్రాల్లో మామూలుగా 64 బైట్లు. 1 జీబీలో 2,62,144 పేజీలు, కార్డులకే 16 ఎంబీ. ఆ 16 ఎంబీ ఎవరు ఇవ్వాలి? ఇవ్వాల్సినవాడు ఇంకా పుట్టలేదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు.

తొలి లినక్స్ కెర్నళ్లు దీన్ని మొరటుగా దాటాయి. ఖాళీ మెమరీ మొదలయ్యే చిరునామాను ఒక ఫంక్షన్‌కు ఇస్తే, అది తనకు కావాల్సింది కోసుకుని మిగిలిన చిరునామా తిరిగి ఇచ్చేది. దాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించేవారు. బంతిలో అన్నం గిన్నె చేతులు మారినట్టే. ఎవరు ఎంత పెట్టుకున్నారో లెక్క రాసే వాడు లేడు. 1999లో ఇంగో మోల్నార్ బూట్ దశలో మెమరీ పంచే బూట్‌మెమ్ రాశాడు: ప్రతి పేజీకీ ఒక బిట్, వాడితే 1, ఖాళీ అయితే 0. చాలా ఏళ్లు అదే నడిచింది. కానీ ఆ బిట్ల పట్టిక పెట్టడానికే ముందు ఖాళీ చోటు వెతకాలి, అంటే చిక్కు చిన్నదైంది గాని పోలేదు.

పవర్‌పీసీ ప్రాసెసర్ల వైపు ఐబీఎం ఇంజనీర్లు వాడుకుంటున్న ఎల్ఎంబీ అనే చిన్న పద్ధతి 2008లో అందరికీ ఉమ్మడి అయింది, 2010లో మెమ్‌బ్లాక్‌గా పేరు మార్చుకుంది. 2018 చివర 4.20 కెర్నల్‌తో బూట్‌మెమ్ పూర్తిగా తప్పుకుంది. మెమ్‌బ్లాక్‌లో ఉన్నవి రెండు జాబితాలు: ఉన్న మెమరీ ఒకటి, ముట్టుకోకూడని మెమరీ ఒకటి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితా తెలిసినవాళ్లకు రెండోది కొత్తగా చెప్పనక్కరలేదు. మొదటి దానిలో ఉండి రెండో దానిలో లేనిదే ఇస్తారు. సాధారణంగా పై నుంచి కిందికి వెతుకుతారు. మా బోర్డు మొదటి అడుగులోనే లేని చిప్ మీద కాలు పెట్టడానికి కారణం అదే.

డీబగ్ చేసేవాళ్లకు ఎక్కువ మేలు చేసిన మార్పు మాత్రం 2019లో, 5.1 కెర్నల్‌లో వచ్చింది. అంతకుముందు చోటు దొరకకపోతే సాధారణంగా మెమ్‌బ్లాక్ తనలో తానే పానిక్ అయ్యేది, అంటే కెర్నల్‌ను అక్కడే ఆపేసేది. ఇప్పుడు అడిగిన ఫంక్షనే జవాబు చూసుకుని, ఫలానా నేను ఇన్ని బైట్లు ఈ అలైన్‌మెంట్‌తో (చోటు ఏ హద్దున మొదలవ్వాలో) అడిగాను, దొరకలేదు అని చెప్పి పడిపోతుంది. ఆ ఒక్క వరుసలో బైట్ల అంకెనే ముందు చూడాలి. అది యంత్రంలో ఉన్న మెమరీని మించితే ఎక్కడో గుణకారం తప్పింది. కొద్ది కిలోబైట్లే అడిగినా దొరకలేదంటే లోపం జాబితాల్లో ఉంది. పెద్ద ఇనిట్‌ఆర్‌డీ (బూట్‌కు కావాల్సిన ఫైళ్ల మూట) ఉన్నదంతా మింగేసి ఉండవచ్చు, అసలు కెర్నల్ కూలితే లేచే క్రాష్ కెర్నల్‌కు కేటాయించిన చోటు చాలకపోయి ఉండవచ్చు.

ఆ వరుస తెర మీద కనిపించాలంటే ముందే బూట్ వరుసలో ‘ఎర్లీకాన్’ ఇవ్వాలి; అసలు కన్సోల్ లేవకముందే సందేశాలు చూపేది అదే. ‘మెమ్‌బ్లాక్=డీబగ్’ కూడా ఇస్తే ఎవరు ఏ చోటు పట్టారో వరుసగా రాసుకుంటూ పోతుంది. ఈ రెండూ మొదటి రోజే పెట్టి ఉంటే మా మూడు రోజులు మిగిలేవి. మెమరీ అడిగే కేమాలక్ ఫంక్షన్‌ను, దాని వెనక చిన్న ముక్కలు పంచే స్లాబ్ సిద్ధం కాకముందే తొందరపడి పిలిచే డ్రైవర్లు ఇంకో జాతి; వాటిది మెమరీ కొరత కాదు, తిథి చూసుకోకపోవడం.

మా బోర్డులో విచిత్రం ఏమిటంటే బూట్‌లోడర్‌కు నిజం తెలుసు. ఆ బూట్‌లోడర్ యూ-బూట్‌లో మెమరీని కొలిచే పద్ధతి ఉంది: ప్రతిసారీ రెట్టింపయ్యే దూరాల్లో గుర్తులు రాసి, ఒకచోట రాసింది ఇంకోచోట ప్రత్యక్షమవుతుందేమో చూస్తుంది. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి బాలాహిసార్‌లో చెవి పెట్టడం లాంటిదే. మా దాంట్లోనూ కొలిచింది, 512 అని సరిగ్గానే తేల్చింది. ఆ అంకెను డివైస్ ట్రీలోకి ఎక్కించే అమరికను ఎప్పుడో ఎవరో ఆపేశారు. మార్పుల చరిత్రలో కారణం రాయలేదు.

దాన్ని తిరిగి తెరిచాం. బోర్డు లేచింది, కానీ కెమెరా రాలేదు. 1 జీబీ రోజుల్లో కెమెరా కోసం సీఎంఏకు (ఒకేచోట వరుసగా ఉండే మెమరీని పక్కన పెట్టే ఏర్పాటు) 256 ఎంబీ రిజర్వు చేశారు. 512లో అంత పెద్ద ముక్క ఒకేచోట దొరక్క ఆ రిజర్వేషన్ విఫలమైంది. కెమెరా బృందం 128 కావాలంటుంది, మేము 64 అంటాం. ప్రస్తుతానికి బేరం 96 దగ్గర ఆగింది.